పాత పడవ, కొత్త లెక్క

బాలలూ! విరిగిన బొమ్మపడవను బాగుచేసి అమ్మితే లాభం వస్తుందా? లెక్క కట్టి చూడండి. 500 రూపాయలకు కొన్నారనుకోండి. రంగులకు, తెరచాప దారాలకు 300 అయింది. 1500కు అమ్మారు. మిగిలింది 700. పనికి పట్టిన కాలం 70 గంటలు. గంటకు ఎంత పడింది? పది రూపాయలే!

ఇంకొక చిక్కు ఉన్నది. జర్మనీలో మార్క్లిన్ కంపెనీవారు వందేళ్లకు పూర్వం చేసిన రేకుపడవలకు, మొదటి రంగు చెదరకుండా ఉంటేనే మంచి ధర. కొత్త రంగు పూస్తే విలువ తగ్గుతుంది! కనుక ముందు తెలిసినవారికి చూపించి, ఆ తరువాతనే కుంచె పట్టండి.

అయితే ఈ విద్య దండుగా? కాదు. లండన్‌లో గ్రీనిచ్ నౌకామ్యూజియంవారు నమూనా ఓడలను కాపాడే నిపుణులకు జీతమిస్తారు. పడవను ఒక్కసారే అమ్మగలం. నేర్చిన పనితనం మాత్రం ఎన్నిసార్లయినా అక్కరకు వస్తుంది.