క్లోమమునకు బ్రాకిన రాచపుండు

మన గృహములలో క్యాన్సరు, అనగా రాచపుండు, పేరెత్తుటకే జంకెదరు. శస్త్రచికిత్స జరిగి రోగి లేచి తిరుగ నారంభించిన పిమ్మట నా ప్రసంగమే యుండదు. కాగితములు పెట్టె యడుగునకు జేరును. ఈ మౌనమువలన గలుగు ననర్థమును మేమిచట విన్నవింప దలచితిమి.

రాచపుండు పుట్టినచోటనే యుండక రక్తమార్గమున నితరాంగములకు బ్రాకుట కలదు. క్లోమమునకు బ్రాకుట యరుదు. అట్లు ప్రాకువానిలో మూత్రపిండమున బుట్టినది ముఖ్యము. ఊపిరితిత్తులు, స్తనములు, పెద్దప్రేగు మొదలగువానియందు బుట్టినవియు నటకు జేరవచ్చును. మూత్రపిండమును దీసివైచిన 10 ఏండ్లకు, అంతకు మించిన కాలమునకు గూడ నిది బయల్పడుట కలదు. పలువురకు బాధయే తెలియదు.

క్లోమము జీర్ణాశయమునకు వెనుక, వెన్నెముకకు ముందు నణగియున్నది. పొట్టపై యంత్రము నుంచి చేయు సాధారణ అల్ట్రాసౌండు పరీక్షలో ప్రేగులలోని వాయువు ధ్వనితరంగముల నడ్డగించును. కావున 1980 ప్రాంతమున వైద్యులు ఎండోస్కోపు గొట్టము కొనయందే ధ్వనియంత్రము నమర్చిరి. రోగికి మత్తిచ్చి, నోటిద్వారా దానిని జీర్ణాశయములోనికి బంపుదురు. అచ్చటినుండి క్లోమము గోడకవతలి పొరుగిల్లు వంటిది. 1 సెంటీమీటరునకు లోబడిన గడ్డ సైతము కనుపట్టును.

అయినను నీడను జూచినంతనే రోగమిదియని నిశ్చయింపరాదు. మూత్రపిండమునుండి వచ్చిన గడ్డ తరచు గుండ్రనై, అంచు స్పష్టమై, రక్తనాళములతో నిండియుండును. క్లోమముననే పుట్టినదాని యంచు తరచు చెదరియుండును. నిశ్చయమునకు సూది కావలెను. ఆ గొట్టముద్వారానే సూదిని బంపి క్లోమమునందలి గడ్డనుండి కణములను దీయు విధమును 1992లో డెన్మార్కు వైద్యులు ప్రకటించిరి. ఆ కణములను సూక్ష్మదర్శినితో బరీక్షించి, పూర్వపు గడ్డ కణములతో బోల్చి చూతురు.

ఈ విచారణ యంతయు నేల యందురా? చికిత్స వేఱగును గనుక. క్లోమముననే పుట్టిన రాచపుండు సాధారణముగా మిక్కిలి క్రూరము. మూత్రపిండమునుండి వచ్చినది పలుమారులు మెల్లగా బెరుగును. శస్త్రచికిత్సచే దొలగించియో, మందులచే నణచియో రోగి పెక్కేండ్లు జీవించుట కలదు. ఒకదానిని మఱియొకటిగా నెంచినచో తగిన చికిత్స చేజాఱును.

ఈ పరీక్ష యందఱికి నక్కఱలేదు, సీ.టీ. మొదలగు చిత్రములలో ననుమానము తోచినవారికే. సూదివలన నరుదుగా రక్తస్రావమో, క్లోమపు వాపో కలుగవచ్చును. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు ముందే తెలుపవలెను. ఇక గృహిణులు చేయదగిన దొకటి కలదు. పాత శస్త్రచికిత్స కాగితములను నగలవలె భద్రపఱుపుడు. 20 ఏండ్లనాటి రోగమైనను సిగ్గుపడక వైద్యునకు జెప్పుడు. ఆ యొక్కమాట వినినగాని, ఏ కణములకొఱకు వెదకవలెనో వైద్యునకు దోపకపోవచ్చును.