బిడ్డ యెవరి లెక్కలోనిది?



ఒక్క కుండ ఏకకాలమున రెండు గదులలో ఉండజాలదని, తర్కము చెప్పుకొన్న దినములలో మా గురువుగారు బోధించిరి. ముప్పదియైదేండ్లు బడిపంతులు పనిచేసి, పింఛను పుచ్చుకొని యింట కూర్చున్న నాకు ఆ మాట యింతకాలమునకు అమెరికా దేశపు ఆదాయపు పన్ను విషయమున అక్కరకు వచ్చినది. అదెట్లో మనవి చేసెదను.

నాయొద్ద చదువుకొని న్యూజెర్సీలో ఉద్యోగము చేయుచున్న యొక శిష్యుడు నాకు జాబు వ్రాసినాడు. అతనికిని భార్యకును మనస్పర్థలు కలిగి, ఆ సంవత్సరము పొడుగునను వేరువేరు ఇండ్లలో నుండిరి. విడాకులు కాలేదు. వారికి తొమ్మిదేండ్ల కూతురు. ఇద్దరును విడివిడిగా పన్ను పత్రములు దాఖలు చేసి, ఇద్దరును ఆ బాలికను తమ పోష్యురాలిగా చూపిరి. కొన్ని నెలలకు పన్నుల శాఖనుండి ఇద్దరికిని తాఖీదులు వచ్చినవి. “మాస్టారూ, బడి ఖర్చు నాది, వైద్యుని ఖర్చు నాది. నా బిడ్డ నా లెక్కలోనిది కాదా? మీరే న్యాయము చెప్పండి” అని అతని ప్రశ్న.

నేను న్యాయాధిపతిని గాను, లెక్కల పరీక్షకుడను గాను. ఐనను శిష్యుడడిగిన ప్రశ్నకు బదులు వెదకకుండుట ఉపాధ్యాయునకు సాధ్యమా? ఆ ప్రభుత్వమువారు ప్రజలకొరకు ప్రకటించిన వివరణలను తెప్పించి చదివితిని. మన తెలుగు కుటుంబములలో అమెరికాయందు కొడుకో కూతురో ఉన్నవి పెక్కు గనుక, తెలిసికొన్నది మీకును విన్నవించుచున్నాను.

మన దేశమున భార్యాభర్తలు ఎవరి పత్రము వారు దాఖలు చేయుటయే పద్ధతి. అమెరికాలో దంపతులకు రెండు మార్గములు కలవు. ఇద్దరును కలిసి ఒక్క పత్రము వ్రాయవచ్చును. లేదా చెరియొకటి వ్రాయవచ్చును. ఉమ్మడి పత్రమునకు పన్ను సాధారణముగా తక్కువ. కాని అందు చేసిన సంతకమునకు బరువెక్కువ: పన్ను బాకీకి ఇద్దరును పూర్తిగా బాధ్యులు. ఒకరు దాచిన ఆదాయమునకు రెండవవారిని కూడ అడుగవచ్చును. అందుచేత నమ్మకము సన్నగిల్లిన దంపతులు వేరు పత్రములనే కోరుకొందురు. దానివలన నష్టములును కలవు. విద్యాభ్యాసపు ఖర్చుల క్రింద లభించు తగ్గింపులు, చదువు అప్పుపై వడ్డీ మినహాయింపు వారికి పోవును. ఒకరు ఖర్చులను పద్దులవారీగా చూపినచో రెండవవారును అట్లే చూపవలెను.

ఇక బిడ్డ మాట. బిడ్డను చూపినందున కలుగు లాభమేమి? ఆ దేశమున 1917వ సంవత్సరముననే పోష్యులైన బిడ్డలకు తలకు 200 డాలర్ల చొప్పున ఆదాయమునుండి మినహాయింపు ఇచ్చిరి. ఆ విధమైన మినహాయింపు 2018 నుండి సున్న అయినది. దానికి మారుగా నేడు ముఖ్యమైనది పన్నులోనుండియే తీసివేయు మొత్తము. సంవత్సరాంతమునకు 17 ఏండ్లు నిండని బిడ్డకు 2025వ సంవత్సరపు లెక్కలో అది 2,200 డాలర్ల వరకు. బిడ్డకు సోషల్ సెక్యూరిటీ సంఖ్య ఉండవలెను. వేరుగా దాఖలు చేయువారికిని ఇది లభించును. ఆదాయము రెండు లక్షల డాలర్లు దాటినప్పటినుండి క్రమముగా తగ్గును.

అయితే ఒక సంవత్సరమున ఒక బిడ్డ ఒక్క పత్రమునందే కనబడవలెను. ఒకే బిడ్డను సగము తల్లి, సగము తండ్రి చూపుట లేదు. ఇద్దరు బిడ్డలున్నచో, ఇద్దరికిని అర్హత ఉన్నప్పుడు, చెరియొకరిని చూపవచ్చును. ఈ నియమమును జనులు ఎంతగా ఉల్లంఘించిరో ఒక ముచ్చట చెప్పెదను. 1986వ సంవత్సరపు చట్టము, పత్రములో చూపు ఐదేండ్లు నిండిన ప్రతి పోష్యునకును సోషల్ సెక్యూరిటీ సంఖ్య వ్రాయవలెనని విధించినది. ఆ నియమమును పాటించి వ్రాసిన 1987వ సంవత్సరపు పత్రములలో, అంతకు ముందున్న పోష్యులలో దాదాపు 70 లక్షల మంది కానరాకపోయిరి! వారిలో కొందరు పుట్టనే పుట్టనివారు. కొందరు తల్లి పత్రములో నొకసారి, తండ్రి పత్రములో నొకసారి లెక్కకెక్కినవారు.

మరి ఆ యొక్క పత్రము ఎవరిది? ఇచటనే నా శిష్యుడు పొరబడినాడు. డబ్బిచ్చువానిదే బిడ్డ యని అతడనుకొన్నాడు. చట్టము పోషణను గూర్చి అడుగునది వేరు ప్రశ్న: బిడ్డ తన ఖర్చులో సగమునకు మించి తానే భరించినదా యని మాత్రమే. తొమ్మిదేండ్ల బాలిక విషయమున ఆ ప్రశ్నకు బదులు వెదకనక్కరలేదు. తల్లిదండ్రులను చట్టమడుగు అసలు ప్రశ్న ఇది: బిడ్డ సగము సంవత్సరమునకు మించి ఎవరి యింట నివసించినది? తల్లిదండ్రులు వేరుగా నున్నచోట దీనిని రాత్రుల లెక్కతో తేల్చుదురు. బిడ్డ ఎవరి యింట ఎక్కువ రాత్రులు నిద్రించినదో వారిది హక్కు. 365 బేసి సంఖ్య గనుక సామాన్యముగా తేడా తేలును. అధిక సంవత్సరమున 366 రాత్రులు సరిసమానముగా 183 చొప్పున పంచబడినచో, అప్పుడు ఎవరి ఆదాయమెక్కువయో చూతురు.

భార్యాభర్తలు ఒకే కప్పుక్రింద నుండి వేరు పత్రములు వ్రాసినచో బిడ్డ ఇద్దరితోను సమానముగా నున్నట్లే. అప్పుడు ఎవరు చూపవలెనో వారే మాటలాడుకొనవచ్చును. మాటలాడుకొనక ఇద్దరును చూపినచో హక్కు అధికాదాయము గలవారికి పోవును. మన చట్టమున మైనరు బిడ్డ పేరిట వచ్చు వడ్డీ మున్నగు ఆదాయమును తల్లిదండ్రులలో అధికాదాయము గలవారి లెక్కలో కలుపుదురు. మనము మొదట చూచు దానిని వారు చిట్టచివర చూతురు.

బిడ్డను ఉంచుకొన్నవారు ఇష్టపడినచో తమ హక్కును రెండవవారికి విడువవచ్చును. సంవత్సరపు చివరి ఆరు నెలలు పూర్తిగా వేరుగా నున్న తల్లిదండ్రులకు ఈ వెసులుబాటు కలదు. దానికి 8332 సంఖ్యగల పత్రముపై సంతకము చేసి ఇయ్యవలెను, నోటిమాట చాలదు. అప్పుడు రెండవవారికి పైన చెప్పిన 2,200 డాలర్ల తగ్గింపు చేరును. కాని గృహయజమాని హోదా మాత్రము అట్లు బదిలీ కాదు. ఆరు నెలలుగా భర్త ఆ యింట లేక, ఇంటి ఖర్చులో సగమునకు మించి తానే భరించి, బిడ్డను సగము సంవత్సరమునకు మించి తనయొద్ద నుంచుకొన్న తల్లి, విడాకులు కాకున్నను ఆ హోదాకు తగును. దానివలన ఆమెకు పన్ను తగ్గును.

మన తాతలకును అమ్మమ్మలకును ఒక హెచ్చరిక. అమెరికాలో పుట్టిన మనుమని ఇక్కడకు తెచ్చికొని మనము పెంచుట కలదు. సెలవులకో చదువునకో వైద్యమునకో వచ్చి తిరిగిపోవు బిడ్డ అక్కడి యింటనే ఉన్నట్లు లెక్క. కాని కాపురమే మనయింట నున్నచో, తల్లిదండ్రులు డబ్బు పంపినంత మాత్రమున నివాస నియమము నెరవేరదు. పత్రము వ్రాయుటకు ముందే అచటి గణకుని అడుగవలెనని బిడ్డలకు చెప్పుడు.

తప్పు చూపినచో ఏమగును? పొరబాటైనచో సవరణ పత్రము వ్రాసి, పుచ్చుకొన్నదానిని వడ్డీతో తిరిగి కట్టవలెను. నియమములను లక్ష్యపెట్టక చూపినవారికి రెండేండ్లు, మోసముచేసినవారికి పదేండ్లు ఆ తగ్గింపు నిరాకరింపబడును.

నా శిష్యునకు నేను ఒక్క మాట వ్రాసితిని: “నాయనా, రసీదులు పక్కనబెట్టి రాత్రులు లెక్కపెట్టుము.” నెల తిరిగినపిమ్మట అతని బదులు వచ్చినది. తల్లియింట 214, తండ్రియింట 151. తీర్పు స్పష్టమే. అతడు సవరణ పత్రము పంపి డబ్బు కట్టినాడు. తరువాతి సంవత్సరమునకు బిడ్డను ఎవరు చూపవలెనో ఆలుమగలు ముందుగనే కూర్చుండి నిర్ణయించుకొనిరట. ఎంతకాలమునకో వారిద్దరును కేకలు లేక మాటలాడుకొన్న మొదటి సంగతి అదియేనట.

ఆ లెక్క అంత ఖండితముగా ఎట్లు దొరకినదని మీరడుగవచ్చును. గోడమీది క్యాలెండరులో ఒక్కొక్క తేదీకి ఎఱ్ఱ గుర్తో నీలి గుర్తో ఉన్నదట. పెట్టినది తల్లి కాదు, తండ్రి కాదు. ఏ రాత్రి ఏ యింట పడుకొనవలెనో, పుస్తకముల సంచి ఎక్కడ నుండునో మరచిపోకుండుటకై ఆ పాపయే పెట్టుకొన్నది. పెద్దలు డాలర్లు లెక్కించుచుండగా బిడ్డ రాత్రులు లెక్కించుకొనుచున్నది. వేరుపడిన దంపతులు కలము పట్టుటకు ముందు ఆ గుర్తులను ఒక్కసారి చూడవలెనని నా ప్రార్థన.