గుర్తుపట్టిన కణం కాపాడుతుందా?

ఒక వైరస్‌తో పోరాడిన టీ కణం దాని దగ్గరి బంధువులనూ పసిగడుతుంది. అది మేలో కీడో తేల్చే పరికరాల కథ ఇది.

డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒక రకం సోకి తగ్గాక మరో రకం వస్తే, జ్వరం ప్రాణం మీదకు తెచ్చే ముప్పు ఎక్కువ. ఒకసారి పోరాడి గెలిచిన శరీరం రెండోసారి ఎందుకు తడబడుతుంది? పాత యాంటీబాడీలు ఒక కారణం. టీ కణాల మీదా పరిశోధకులకు అనుమానం ఉంది.

టీ కణం వైరస్‌ను నేరుగా చూడదు. వైరస్ సోకిన కణం ఆ వైరస్ ప్రొటీన్‌ను ముక్కలు చేసి, హెచ్‌ఎల్‌ఏ అనే అణువులో ఇమిడ్చి పైకి చూపిస్తుంది. టీ కణం గుర్తించేది ఈ జంటనే. 1970లలో కాన్‌బెర్రాలో ఈ సంగతి కనిపెట్టిన పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్‌లకు 1996లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో జాన్ ఆల్ట్‌మన్, మార్క్ డేవిస్ బృందం ఆ జంటలతోనే టెట్రామర్‌ను తయారుచేసింది.

రెండు రంగుల చుక్కలు

జంట ఒక్కటే అయితే టీ కణాన్ని అంటుకున్న కాసేపటికే జారిపోతుంది. నాలుగింటిని కలిపితే, ఒక్క వేలితో కాక పిడికిటితో పట్టినట్టు నిలుస్తుంది. దానికి మెరిసే రంగు తగిలిస్తారు. ఒక వైరస్ ముక్కకు ఒక రంగు, రెండో దానికి మరో రంగు. రక్తకణాలను వీటితో కలిపి ఫ్లో సైటోమీటర్‌లోకి పంపితే, అవి లేజర్ ముందు నుంచి ఒక్కొక్కటిగా సాగుతాయి. కంప్యూటర్ తెర మీద ఒక్కో కణం ఒక్కో చుక్క. రెండు రంగులూ అంటినవి, అంటే రెండు ముక్కలనూ గుర్తించినవి, కుడివైపు పైమూలన చేరతాయి.

థాయ్‌లాండ్ పిల్లల్లో డెంగీపై 2003లో వెలువడిన అధ్యయనం ఇలాంటి టెట్రామర్లతోనే జరిగింది. ఒంట్లో ఉన్న రకాన్ని చాలా టీ కణాలు బలహీనంగా పట్టుకున్నాయి. వేరే రకాలను, బహుశా ఇదివరకు సోకినవాటిని, గట్టిగా పట్టుకున్నాయి.

పట్టు వేరు, పని వేరు

అంటుకున్న కణం పనిచేస్తుందో లేదో టెట్రామర్ చెప్పదు. అందుకు ఎలిస్పాట్ అనే పరీక్ష కావాలి. ప్లేటులోని చిన్న గుంతల్లో కణాలను వైరస్ ముక్కలతో ఉంచుతారు. స్పందించిన కణం వదిలిన ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్ దాని చుట్టూనే అడుగున చిక్కుకుంటుంది. రంగు వేయగానే ఒక్కో కణం ఉన్నచోట ఒక్కో మచ్చ తేలుతుంది.

కోవిడ్ వేళ అమెరికాలోని లా హోయా సంస్థ శాస్త్రవేత్తలు 2015–2018 మధ్య సేకరించిన రక్తాన్ని పరీక్షించారు. కొత్త వైరస్‌ను ఎన్నడూ ఎరగని ఆ రక్తంలోనూ దానికి స్పందించే టీ కణాలు దొరికాయి. స్పందన కనిపించినంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. ఆ కణాలున్నవారికి జబ్బు ఎలా వస్తుందో వెంట ఉండి చూడాలి.

హెచ్‌ఎల్‌ఏ రకాలు ఒక్కో జనాభాలో ఒక్కోలా ఉంటాయి. ఒక రకంతో చేసిన టెట్రామర్, ఆ రకం ఉన్నవారి కణాలనే చూపగలదు. ఏటా వానాకాలంలో డెంగీతో సతమతమయ్యే మన జనంలో ఎక్కువగా కనిపించే రకాలకూ టెట్రామర్లు తయారు కావాలి. ఏ గుర్తింపు మన పిల్లలను కాపాడుతుందో, ఏది కాపాడదో అప్పుడే తేల్చుకోగలం.