కారు స్టార్టు కాదేం?

నేను ఈ కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్న రోజులు. వేసవి సెలవులకి మా బాబాయిగారి ఊరు వెళ్ళాను. ఓ రాత్రి రెండు గంటలప్పుడు నాయనమ్మకి ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రి పన్నెండు కిలోమీటర్ల దూరం. బాబాయి తన పాత కారులో కూర్చుని తాళం తిప్పారు. ‘టిక్’ మంది. అంతే! మళ్ళీ తిప్పారు. మళ్ళీ ‘టిక్’.

ఇంజనీరింగు చదువుతున్నవాణ్ణి కదా, అందరూ నావైపే చూశారు. హెడ్‌లైట్లు వేసి చూశాను. వెలిగాయి. “బ్యాటరీ బాగానే ఉంది, పెట్రోలు అందడం లేదు కాబోలు” అని తీర్పు చెప్పి కార్బరేటరు మీద పడ్డాను. ఈ అలికిడికి ఎదురింటి లారీ డ్రైవరు లేచి వచ్చాడు.

“ఇంజనే తిరగనప్పుడు పెట్రోలుతో పనేముంది బాబూ? ముందు దాన్ని బిగించెయ్. మేష్టారూ, లైట్లు అలాగే ఉంచి ఓసారి తాళం తిప్పండి” అన్నాడు.

తాళం తిప్పగానే లైట్లు కాస్తా ఆరిపోయాయి. ఆయన బ్యాటరీ టెర్మినళ్ళు రెండూ తాకి చూశాడు. ఒకటి వెచ్చగా ఉంది, దానిచుట్టూ తెల్లటి పొడి. విప్పి, చాకుతో గీకి, గట్టిగా బిగించాడు. ఈసారి ఇంజను అందుకుంది. నాయనమ్మ గట్టెక్కింది. తల దించుకున్నది నేనొక్కణ్ణే.

నా పొరపాటేమిటో తర్వాత లెక్క వేసుకున్నాను. ఓమ్ సూత్రం మనందరం చదివిందే. తుప్పు పట్టిన ఆ కీలు దగ్గర నిరోధం 0.05 ఓమ్ అనుకుందాం. రెండు హెడ్‌లైట్లకీ కలిపి కావలసింది సుమారు 10 ఆంపియర్లు. అంటే అక్కడ పోయేది అర వోల్టు మాత్రమే. లైట్లు హాయిగా వెలుగుతాయి. కాని ఇంజనుని తిప్పే మోటారుకి కావాల్సింది 150 ఆంపియర్ల పైమాటే. అంత కరెంటు పారాలంటే ఆ ఒక్క కీలు దగ్గరే 7.5 వోల్టులు ఖర్చు! 12 వోల్టుల బ్యాటరీలో ఇక మోటారుకి మిగిలేదేమిటి? అంచేత లైటు వెలిగినంత మాత్రాన బ్యాటరీకీ, దాని తీగలకీ మార్కులు వెయ్యకూడదు.

ఇంతకీ ఆ మోటారు సంగతి. 1912లో కాడిలాక్ కార్లలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ సెల్ఫ్‌స్టార్టరు వచ్చేదాకా సాధారణంగా ఇంజనుని ముందువైపు నుంచి హ్యాండిలుతో తిప్పేవారు. మన మెకానిక్కులు నేటికీ దాన్ని ‘సెల్ఫ్’ అనే అంటారు.

కాబట్టి మొదటి ప్రశ్న ఒక్కటే: సెల్ఫ్ ఇంజనుని తిప్పుతోందా, లేదా?

తిప్పడం లేదంటే పెట్రోలు జోలికీ, ప్లగ్గుల జోలికీ పోనక్కర్లేదు. లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు బాగా మందగించినా, ‘టకటకటక’ మని చప్పుడొచ్చినా బ్యాటరీ నీరసించిందన్నా అనుకోవాలి, టెర్మినళ్ళు చెడ్డాయన్నా అనుకోవాలి. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు మీటరు మీద సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12కి దిగితే దాదాపు ఖాళీ అయినట్టే. లైట్లు ఏమాత్రం తగ్గకుండా ఒక్క ‘టిక్’ మాత్రమే వస్తే సెల్ఫ్‌నీ, దాని సోలినాయిడునీ అనుమానించాలి. అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్చి, దాని తీగలు, ఫ్యూజులు చూడాలి. అంతకన్నా ముందు, ఆటోమేటిక్ కారైతే గేరు ‘పార్క్’లో ఉందో లేదో, కొన్ని కార్లలో క్లచ్చి నొక్కారో లేదో చూసుకోండి!

ఇంజను చురుగ్గా తిరుగుతూనే అందుకోవడం లేదా? అప్పుడు రెండో ప్రశ్న: లోపం నిప్పుదా, పెట్రోలుదా? పాత కార్లయితే డిస్ట్రిబ్యూటరు పాయింట్లూ, కార్బరేటరూ చూసేవాళ్ళం. ఇప్పటి కార్లలో ఆ రెండూ లేవు. తాళం ‘ఆన్’ చెయ్యగానే చాలా పెట్రోలు కార్లలో వెనకనుంచి రెండు సెకన్లపాటు పంపు ‘జుయ్’ మంటుంది. అది వినబడకపోతే పంపు ఫ్యూజు, రిలే చూడమని అర్థం. డాష్‌బోర్డు మీద తాళంచెవి గుర్తు మిణుకుతూ ఉంటే ఆ తాళాన్ని కారు గుర్తుపట్టలేదన్నమాట. రెండో తాళం ప్రయత్నించండి.

రెండు జాగ్రత్తలు. సెల్ఫ్‌ని ఏకబిగిని పది సెకన్లు మించి కొట్టకండి. అర నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది గనక దగ్గర అగ్గిపుల్ల గియ్యకండి. టెర్మినళ్ళు విప్పేటప్పుడు ముందు నెగటివ్ విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి.

ఆ డ్రైవరుకి తెలిసి నాకు తెలియని సూత్రమేదీ లేదు. ఆయన ప్రశ్నలు వరసగా వేశాడు. నేను జవాబుతో మొదలెట్టాను. తేడా అక్కడే ఉంది. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు, కారు బాగున్న రోజునే ఓసారి బానెట్టు ఎత్తి టెర్మినళ్ళు చూడండి, తాళం తిప్పి ఆ చప్పుడు వినండి. బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా, చెడినప్పుడు తేడా తెలిసేది!