ముందు సెక్టార్ చెప్పండి!

మా ఆవిడ స్టీల్ ప్లాంటులో ఉద్యోగి కావడంతో మేం భిలాయి టౌన్‌షిప్ క్వార్టర్‌లో ఉంటాం. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు దుర్గ్ స్టేషన్‌లో ఆటో ఎక్కి స్ట్రీట్ నంబరు, క్వార్టర్ నంబరు సరిగ్గానే చెప్పారు. సెక్టార్ మాత్రం ఒకటి బదులు ఇంకొకటి చెప్పారు. ఆటో ఆగిన ఇంటి గేటు, వరండా అచ్చం మావే. తలుపు తీసింది మాత్రం ఎవరో! అది తలచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం. అదే పొరపాటు నేను ఆఫీసులో చేసినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

"రోజంతా ఆ తెర మీద ఏం చూస్తారు?" అని ఇంట్లో అడుగుతుంటారు. ఏటీఎంలు పనిచేస్తున్నాయో లేదో డాష్‌బోర్డు మీద చూస్తాం. ఇలాంటి డాష్‌బోర్డులకు గ్రఫానా వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ప్రతి గ్రాఫు వెనక ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న ఉంటుంది: 'ఫలానా ఏటీఎంలో గత గంటలో ఎన్ని లావాదేవీలు జరిగాయి?' ఏటీఎంకు ఒకటి చొప్పున రాయాలంటే ఎన్ని రాయాలి! అందుకే పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదులుతాం, శుభలేఖ మీద 'శ్రీ ........ గారికి' అని అచ్చు వేయించినట్టు. ఆ ఖాళీయే టెంప్లేట్ వేరియబుల్. తెర పైభాగంలోని జాబితాలో ఒక పేరు ఎంచుకోగానే అది ఖాళీలోకి వెళ్తుంది, కింది గ్రాఫులన్నీ మారతాయి. ప్రాంతం ఎంచుకుంటే దాని శాఖలే, శాఖ ఎంచుకుంటే దాని ఏటీఎంలే కనిపించేలా ఒకదానికొకటి ముడిపెట్టవచ్చు కూడా. మన సెక్టార్, స్ట్రీట్, క్వార్టర్ లాగే.

ఒక జీతాల రోజు తెరంతా పచ్చగా ఉంటే నిశ్చింతగా భోజనానికి వెళ్లాను. పైన ఎంపికై ఉన్నది వేరే శాఖ! ఉదయం నేనే మార్చి మరచిపోయాను. ఇక్కడి ఏటీఎం రెండు గంటలుగా ఆగిపోయి ఉంది. ఎండలో నిలబడ్డ ఒక పెద్దాయన, "లోపల మీకు తెలియదా బాబూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

'అన్నీ' అని ఎంచుకుంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. 20 ఏటీఎంలలో 19 పనిచేస్తే సగటు 95 శాతం చూపిస్తుంది. చూడటానికి బాగానే ఉంటుంది, ఆగిపోయిన ఏటీఎం ముందున్న మనిషికి తప్ప.

మరి హెచ్చరిక మోగించవచ్చుగా? గ్రఫానా హెచ్చరికల క్వెరీల్లో ఈ వేరియబుల్స్ పనిచేయవు. జాబితాలోంచి పేరు ఎంచుకునేది తెర ముందున్న మనిషి. అర్ధరాత్రి ఆ మనిషి ఉండడు కదా! అందుకే ఖాళీ లేకుండా, అన్ని ఏటీఎంలనూ విడివిడిగా లెక్కించే క్వెరీ వేరే రాయాలి. అప్పుడు ఏది ఆగినా దాని పేరుతోనే సందేశం వస్తుంది. ఆ తర్వాత మేం అదే చేశాం. గ్రాఫు శీర్షికలోనూ వేరియబుల్ పెట్టాం కాబట్టి, చూస్తున్నది ఏ ఏటీఎమో గ్రాఫు మీదే కనిపిస్తుంది.

అత్తగారు ఇప్పుడు ఆటో ఎక్కగానే ముందు సెక్టార్ చెబుతున్నారు. నేను కుర్చీలో కూర్చోగానే ముందు తెర పైభాగం చూస్తున్నాను.