తొలి టీకా, మలి టీకా

నాట్ల దినములలోను కోతల దినములలోను పసిబిడ్డకు వేయింపవలసిన టీకా తప్పిపోవుట మన పల్లెలలో క్రొత్త కాదు. పిమ్మట “గడువు దాటినది, మునుపు వేయించినవి వ్యర్థమైనవి గదా” యని తక్కినవియు మానివేయు తలిదండ్రులు గలరు. నష్టమంతయు ఈ తలంపులోనే యున్నది.

శిశువునకు ఆరవ వారమున మొదలిడు పెంటావాలెంట్ టీకా కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము, హెపటైటిస్-బి కామెర్లు, హిబ్ క్రిమివలన వచ్చు జబ్బులు, ఈ ఐదింటినుండి కాపాడును. మొదటి మోతాదునకు శరీరము మెల్లగ మేలుకొనును. అపుడు పుట్టు ప్రతిరక్షకములు కొలదివి, అవియు త్వరలో తగ్గును. కాని వ్యాధిని గుర్తుంచుకొను కణములు నిలిచియుండును. పదవ, పదునాల్గవ వారములలో అదే మందు మరల పడినపుడు ఆ కణములు శీఘ్రముగ వృద్ధిపొంది, వెనుకటికంటె మెండుగ ప్రతిరక్షకములను పుట్టించును. తొలి దుక్కి యైన నేలలో మలి దుక్కికి నాగలి తేలికగ దిగునట్లని రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. నెలలు గడచినను ఆ జ్ఞాపకము చెరగదు. కావున మొదటినుండి ఆరంభింపక, ఆగినచోటినుండియే సాగింతురు. అయినను జాగు చేయరాదు. కోరింతదగ్గు తొలి నెలల బిడ్డలకే మిక్కిలి ప్రాణాంతకము.

ఒక టీకా మఱియొకదానికి తోడ్పడుటయు గలదు. గాంబియా దేశమున జరిగి 2002లో ప్రకటింపబడిన పరిశోధనలో, పుట్టగనే క్షయ టీకాయగు బి.సి.జి. పొందిన శిశువులకు హెపటైటిస్-బి, పోలియో టీకాలవలన ప్రతిరక్షకములు హెచ్చుగ కలిగినవి.

అడ్డుపడు సందర్భములును లేకపోలేదు. తట్టు, రూబెల్లా టీకాలో బలము తగ్గించిన సజీవ వైరసు లుండును. అవి దేహమున కొంత పెరిగినగాని ఫలము లేదు. తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకములు వానిని పెరుగనీయవు. అందుచేతనే దీనిని 9 నెలలు నిండినపిమ్మట వేసి, 16 నుండి 24 నెలల నడుమ మరల వేయుదురు. ఇట్టి సజీవ వైరసుల సూదిమందులు రెండింటిని ఒకే దినమున వేయవచ్చును. లేనిచో నాలుగు వారముల ఎడముండవలెను. మొదటిది రేపిన ప్రతిఘటన రెండవదానిని అణచివేయవచ్చును గనుక ఈ నియమము. ఒకనాడే పెక్కు సూదులు వేసిన బిడ్డ శక్తి తరిగిపోవునను భయము మాత్రము నిరాధారము.

ఏ మోతాదు ఎన్నడు పడినదో తెలుపునది తల్లీబిడ్డల కార్డు. దానిని సంఘపు పాసుపుస్తకమువలె భద్రపఱచవలెను. కూలికై వలసపోవువారు వెంట గొనిపోయినచో, ఏ యూరి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమునందైనను తరువాతి మోతాదు ఉచితముగ వేయుదురు.