ముందు ఎండ, తర్వాత తొండ

డల్లాస్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లిన రెండో రోజే మనవడు నా చెయ్యి పట్టుకుని తన గదిలోకి లాక్కెళ్లాడు. బల్ల మీద గాజు పెట్టె. అందులో ఇసుక, ఒక ప్లాస్టిక్ చెట్టు, పైన ఎర్ర బల్బు. ఇసుక మీద అరచేతి పొడవున ఏదో కదిలింది.

"అమ్మమ్మా, డ్రాగన్! బర్త్‌డేకి డాడీ కొన్నారు."

"డ్రాగనేంట్రా, తొండ కదూ ఇది!"

వాడి ముఖం చిన్నబోయింది. కానీ ముప్పయ్యేళ్లు జువాలజీ పాఠాలు చెప్పినదాన్ని, ఉన్నమాట అనకుండా ఉండలేను. మన పెరటి కంచె మీద కూర్చుని తల ఊపే తొండా, ఈ బియర్డెడ్ డ్రాగనూ ఒకే కుటుంబానివి. ఆ కుటుంబం పేరు అగామిడే. దీని శాస్త్రీయ నామం పొగోనా విట్టిసెప్స్. గొంతు కింద ముళ్లలాంటి పొలుసులుంటాయి. కోపమొచ్చినా, భయమేసినా గొంతు ఉబ్బించి నల్లగా చేస్తుంది. అదే దాని గడ్డం. మనం గడ్డం తొండ అందాం. 'తొండ ముదిరితే ఊసరవెల్లి' అని మనవాళ్లు ఎగతాళికి అన్నా, ఆ మాటలో కాస్త వర్గీకరణ శాస్త్రం కూడా ఉంది. తొండల కుటుంబానికి అతి దగ్గరి చుట్టాలు ఊసరవెల్లులే. రెండు వంశాల్లోనూ పళ్లు చాలావరకు దవడ గట్టుకే అతుక్కుని ఉంటాయి, అవి పోతే మళ్లీ రావు. గడ్డం తొండకు తోక తెగినా అంతే. బల్లికిలా మళ్లీ మొలవదు.

దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిబొడ్డు. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్‌ల లోపలి మెట్ట ప్రాంతాల నుంచి నార్తర్న్ టెరిటరీ దాకా ఎర్రమట్టి నేలల్లో, తుప్పల్లో ఉంటుంది. రోడ్డు పక్కన కంచె గుంజ ఎక్కి ఎండ కాచుకుంటూ కనిపిస్తుంది. 1960ల నుంచీ ఆస్ట్రేలియా తన వన్యప్రాణులను వ్యాపారానికి బయటికి పంపనివ్వడం లేదు. అయినా అమెరికాలో, యూరప్‌లో ఏ దుకాణంలో చూసినా ఇవే. చాటుగా దాటిపోయిన కొన్నిటి సంతానం తరతరాలుగా పెట్టెల్లో పుట్టి పెట్టెల్లోనే పెరుగుతోంది. సొంత దేశంలోనేమో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా వంటి రాష్ట్రాల్లో దీన్ని పెంచుకోవాలంటే లైసెన్సు కావాలి.

ఎన్ని తరాలు పెట్టెల్లో గడిచినా ఒళ్లు మాత్రం ఆ ఎడారినే అడుగుతుంది.

చిన్నప్పుడు మా అన్నయ్య గడ్డిపోచతో ఉచ్చు వేసి తొండల్ని పట్టేవాడు. పొద్దున్నే పట్టాలనేవాడు, ఎండెక్కితే దొరకవని. శాస్త్రం వాడికి తెలియదుగానీ పరిశీలన సరైనదే. మనం తిన్న తిండిని కాల్చి ఒళ్లు వెచ్చగా ఉంచుకుంటాం. తొండ లెక్క తిరగేసి ఉంటుంది. ముందు ఒళ్లు వెచ్చబెట్టుకుంటేనే తిన్నది అరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు కడుపు నిండా పెడితే ఆ తిండి లోపలే పులిసిపోతుంది. గడ్డం తొండకు ఒంటి వేడి సుమారు 35 డిగ్రీలు ఉంటే హాయి. పొద్దున చలిగా ఉన్నప్పుడు వేడి పీల్చుకోవడానికి ముదురు రంగుకు తిరుగుతుంది, ఒళ్లు కాగాక తెల్లబడుతుంది. మరీ వేడెక్కితే నోరు తెరిచి కూర్చుంటుంది.

అందుకే పెట్టెలో ఒకే వేడి ఉండకూడదు, వేడికీ చల్లదనానికీ మధ్య మెట్లుండాలి. ఒక చివర దీపం కింద రాయి మీదో కొమ్మ మీదో 40 డిగ్రీల దాకా వేడి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మిట్టమధ్యాహ్నం అనుకోండి. రెండో చివర 25, 26 డిగ్రీలు. ఎప్పుడు ఎక్కడ ఉండాలో అదే చూసుకుంటుంది. రాత్రి 20 డిగ్రీల వరకు తగ్గినా ఫర్వాలేదు. వేడి పైనుంచే రావాలి. కరెంటుతో కాగే రాళ్లు అమ్ముతారు, అవి కొనకండి. తొండకు వేడి అంటే ఆకాశం నుంచి వచ్చేదే, పొట్ట కింద కాలుతోందని సమయానికి గ్రహించదు. పొట్ట బొబ్బలెక్కిన తొండలు పశువైద్యుల దగ్గరికి వస్తూనే ఉంటాయి. పెట్టె గోడకు అంటించిన గుండ్రటి థర్మామీటరును కూడా నమ్మకండి. అది గోడ వేడి చెబుతుంది, రాయి వేడి కాదు. ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి కొనుక్కోండి, కరోనా రోజుల్లో నుదుటికి పెట్టినదానికి అన్నగారు.

వేడితో సగం పనే అయింది. రెండో సగం కంటికి కనిపించదు.

సూర్యకాంతిలో యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలుంటాయి. అవి తగిలినప్పుడు చర్మంలోని ఒక రకం కొలెస్టెరాల్ విటమిన్ డి3కి పూర్వరూపంగా మారుతుంది. ఆ పూర్వరూపం అసలు డి3 కావాలంటే మళ్లీ వేడి కావాలి. తర్వాత కాలేయం, మూత్రపిండాలు దానికి చివరి మెరుగు పెడతాయి. అప్పుడే పేగులు కాల్షియాన్ని పీల్చుకోగలవు. ఇదంతా మన ఒంట్లోనూ జరిగేదే. తేడా ఒక్కటి. మనకు డాక్టరు రాసే మాత్ర పనిచేస్తుంది, దీనికి నోటిద్వారా ఇచ్చే డి3 సరిపోదు. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో గుడ్డులోంచి వచ్చిన పిల్లల్లో కొన్నిటికి తిండిలో డి3 కలిపారు, కొన్నిటిని రోజుకు రెండు గంటలు యూవీబీ దీపం కింద ఉంచారు. దీపం కింది పిల్లల రక్తంలో విటమిన్ డి ఎన్నో రెట్లు ఎక్కువగా తేలింది.

మా మనవడి ఎర్ర బల్బు వేడి ఇస్తుంది, యూవీబీ రవ్వంత కూడా ఇవ్వదు. దుకాణంవాళ్లు 'స్టార్టర్ కిట్' అని కట్టబెట్టిన సరంజామాలో అసలైనదే లేదు. "పోనీ, కిటికీ దగ్గర పెడితే ఎండ వస్తుంది కదమ్మా" అంది మా అమ్మాయి. కిటికీ అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పైగా ఎండ సూటిగా పడితే గాజుపెట్టె కాసేపట్లో పొయ్యి మీది మూకుడవుతుంది. కావలసింది పొడుగాటి యూవీబీ ట్యూబు, టీ5 రకం, ఎడారి జంతువులకని రాసి ఉన్నది. పెట్టె పొడవులో సగానికి పైగా అది ఉండాలి. పైన సన్నని జాలీ మూత ఉంటే కిరణాల్లో కొంత అది మింగేస్తుంది, కాబట్టి ట్యూబు లోపలే బిగిస్తే మేలు. ఎంత ఎత్తులో పెట్టాలో డబ్బా మీద ఉంటుంది. ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పరు: వేడి దీపం, యూవీబీ ట్యూబు ఒకే చోట పడాలి. చర్మంలో ఆ రసాయన మార్పుకు కిరణమూ కావాలి, వేడీ కావాలి. ఒకటి ఈ మూలా, ఇంకొకటి ఆ మూలా పెడితే వేడి వైపే కూర్చునే పిల్లకు కిరణాలు అందవు.

అందకపోతే? పిల్ల గడ్డం తొండ గుడ్డులోంచి వచ్చినప్పుడు తోకతో కలిపి పది సెంటీమీటర్లు, రెండు మూడు గ్రాములు. ఏడాది తిరిగేసరికి అడుగున్నర దాటి, మూడు వందల గ్రాములకు అటూఇటూ తూగుతుంది. అంత ఎముక ఎక్కడి నుంచి రావాలి? కీచురాళ్ల నుంచి. వాటిలో కాల్షియం తక్కువ, ఫాస్పరస్ చాలా ఎక్కువ. కావలసిందేమో ఫాస్పరస్‌కు రెట్టింపు కాల్షియం. రక్తంలో కాల్షియం తగ్గగానే ఒళ్లు తన ఎముకలనే కరిగించి సర్దుకుంటుంది. దవడ రబ్బరులా వంగుతుంది, కాళ్లు వంకర్లు పోతాయి, వేళ్లు వణుకుతాయి. పిల్లల్లో కొద్ది నెలల్లోనే బయటపడే జబ్బు ఇది. తొలిదశలో ఆపవచ్చు, వంగిన ఎముకను మాత్రం తిన్నగా చేయలేం. అందుకే కీచురాళ్లను పెట్టేముందు కాల్షియం పొడిలో దొర్లించాలి. అంతకు ముందురోజు ఆ పురుగులకే మంచి ఆకుకూరలు మేపాలి. పురుగు కడుపులో ఉన్నదే తొండ కడుపులోకి పోతుంది కదా.

పిల్లకు రోజుకు రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాల్లో తినగలిగినన్ని పురుగులు. దాని రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్ద పురుగు వేయకూడదు. మిగిలినవాటిని తీసేయాలి, లేకపోతే రాత్రి కీచురాళ్లే పిల్లను కొరుకుతాయి. ఆకుకూరలు మొదటిరోజు నుంచీ సన్నగా తరిగి పెట్టండి. ముట్టకపోయినా మానకండి, పెద్దయ్యాక దాని ముఖ్యమైన తిండి అదే. ఆవకూర, కాలార్డ్ ఆకులు, గుమ్మడి మంచివి. పాలకూర మనకు బలమేగానీ, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి, దాన్ని రోజువారీ తిండి చేయకండి. అవకాడో విషం. నీళ్లగిన్నెను చాలా పిల్లలు పట్టించుకోవు. ఆకుల మీద, ముక్కు కొసన చుక్కలు రాలిస్తే నాకుతాయి.

ఇంకో విషం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. అమెరికాలో వేసవి సాయంత్రాలు పిల్లలు పచ్చికలో మిణుగురుల్ని సీసాల్లో పడతారు. మావాడూ పట్టాడు. ఆ దేశపు మిణుగురుల్లో లూసిబ్యుఫాజిన్లనే పదార్థాలుంటాయి. కప్పల విషంలా అవి గుండెను పట్టేస్తాయి. వాటిని మింగి గడ్డం తొండలు చనిపోయిన సంగతి 1999లో పరిశోధకులు నమోదు చేశారు. ఒక్క పురుగు చాలు. మిణుగురులున్న ప్రాంతాల్లో పుట్టి పెరిగిన బల్లులు వాటి జోలికి పోవు. ఈ ఆస్ట్రేలియా అతిథికి ఆ సంగతి తెలియదు, మెరిస్తే తినేదే అనుకుంటుంది. ఇంటి చుట్టూ దొరికే పురుగు ఏదీ వేయకపోవడమే క్షేమం.

పెట్టె సంగతి రెండు ముక్కల్లో. పెద్దదానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తప్పదు. పిల్లకు ఇసుక వద్దు, తిండితోపాటు మింగితే పేగుల్లో గడ్డకడుతుంది. పాత న్యూస్‌పేపరు పరచండి. తోడుగా రెండోదాన్ని తేకండి. రెండు పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటే 'ఎంత ప్రేమో' అని ఫొటోలు తీస్తారు. అది దీపం వేడి కోసం పోటీ, పైనున్నది గెలిచింది, అంతే. కింది పిల్ల క్రమంగా తిండి మానేస్తుంది, వేళ్లూ తోక కొసా పోగొట్టుకుంటుంది. చెయ్యెత్తి గుండ్రంగా మెల్లగా ఊపడం కూడా టాటా కాదు, 'నీతో గొడవ వద్దు' అని లొంగిపోవడం. మావాడిని చూసి అది మొదటి వారమంతా అలాగే ఊపింది. అందుకే తెచ్చిన మొదటి పది రోజులు పిల్లను చేతుల్లోకి తీసుకోకండి. ఒకటి రెండు రోజులు తినకపోయినా కంగారు వద్దు. వంటింటి త్రాసు మీద వారానికొకసారి తూచి రాసిపెట్టండి. రెండు వారాలు వరసగా బరువు తగ్గితే అది డాక్టరు మాట. సరీసృపాల వైద్యం తెలిసినవారు ఊరికి ఒక్కరుంటే గొప్ప, ముందే వెతికి పెట్టుకోవాలి. మొదటి నెలలోనే మల పరీక్ష చేయిస్తే కాక్సిడియా వంటి పేగు పరాన్నజీవులు బయటపడతాయి. దుకాణాల్లో గుంపుగా పెరిగినవాటికి అడినోవైరస్ కూడా అంటుతుంది, దానికి మందు లేదు.

రాత్రి ఆ ఎర్ర బల్బు ఆర్పేయమన్నాను. 'దానికి ఎరుపు కనబడదు' అని దుకాణంలో చెప్పారట. చక్కగా కనబడుతుంది, మనకన్నా ఎక్కువ రంగులు చూసే కళ్లవి. నిద్ర కూడా సామాన్యమైంది కాదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మాక్స్ ప్లాంక్ మెదడు పరిశోధన సంస్థలో జీల్ లొరాన్ బృందం 2016లో ఈ జంతువు మెదడులో మన కలల నిద్ర లాంటి దశను గుర్తించింది. మనకు ఒక నిద్ర ఆవృత్తం గంటన్నర, దీనికి దాదాపు 80 సెకన్లు. రాత్రంతా వందల ఆవృత్తాలు! కలలు కంటుందా అని మావాడు అడిగాడు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే సున్నాయే రా, అన్నాను.

మగదో ఆడదో అనే ప్రశ్నకు కూడా అంతే. గడ్డం తొండల్లో జడ్‌జడ్ క్రోమోజోములుంటే మగ, జడ్‌డబ్ల్యూ ఉంటే ఆడ. అయితే గుడ్డు 32 డిగ్రీలు మించిన వేడిలో పొదిగితే జడ్‌జడ్ పిల్ల కూడా ఆడదిగా పుట్టవచ్చు. క్లేర్ హోలెలీ, కాన్‌బెర్రా విశ్వవిద్యాలయపు ఆర్థర్ జార్జెస్ తదితరులు అలాంటి ఆడవాటిని అడవిలోనే పట్టి, 2015లో నేచర్ పత్రికలో రాశారు. అవి గుడ్లు పెడతాయి, పిల్లలు పుడతాయి. గుడ్డులో ఉండగానే ఎండ మాట వినే ఒళ్లు ఇది.

మనుషుల వైపు నుంచి ఒక మాట. ఆరోగ్యంగా ఉన్న గడ్డం తొండ మలంలోనూ సాల్మొనెల్లా ఉండవచ్చు. 2012-14 మధ్య అమెరికాలో వీటి వల్ల వందమందికి పైగా జబ్బుపడ్డారు, వారిలో ఎక్కువమంది పసిపిల్లలు. ఐదేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకండి. దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు. మా అమ్మాయికి ఇది చెప్పగానే తొండ మీద ప్రేమ సగానికి పడిపోయింది, అయినా సింకు మాత్రం బాగుపడింది.

మర్నాడు అల్లుడు వెళ్లి యూవీబీ ట్యూబు తెచ్చాడు, ఖరీదు తొండ ఖరీదుకు దగ్గరగానే ఉంది. బిగించాక మార్కర్ పెన్ తీసుకుని దాని చివర ఆ రోజు తేదీ రాశాను. మీరూ రాయండి. ఏడాది గడిచినా ఆ ట్యూబు ఇంతే తెల్లగా వెలుగుతుంది, కానీ అందులో యూవీబీ తగ్గిపోయి ఉంటుంది.